అమెరికాలో బోటు కొంటే ఏ స్టేట్‌కి ఎంత కట్టాలి

మీరు అడిగింది ఇదీ అనుకుంటున్నాను. జార్జియాలోని కమ్మింగ్‌లో ఉంటున్నారు, హెచ్1బీ మీద ఉన్నారు, గ్రీన్ కార్డ్ ఇంకా లైన్లోనే ఉంది. అక్కడి సరస్సు లేక్ లేనియర్‌లో ఉంచుకోవడానికి 24 అడుగుల కొత్త పాంటూన్ బోటు 60 వేల డాలర్లకి మాట్లాడుకున్నారు. ఆఫీసులో ఒకాయన డెలావేర్‌లో రిజిస్టర్ చేయిస్తే అసలు ట్యాక్సే లేదన్నారు, ఇంకొకాయన సౌత్ కరోలినాలో కొంటే 500 డాలర్లతో పని అయిపోతుందన్నారు. వచ్చే ఏడాది నార్త్ కరోలినాలోని షార్లెట్‌కి మారే అవకాశం కూడా ఉంది. వీటిలో ఏది చవక, సిటిజన్ కాకపోయినా బోటు మన పేరు మీద పెట్టుకోవచ్చా?

ముందు సూటిగా జవాబు చెప్తాను. బోటు ఎక్కువ రోజులు ఏ స్టేట్ నీళ్ళలో తిరుగుతుందో అక్కడే దాన్ని రిజిస్టర్ చేయాలి, ట్యాక్స్ కూడా చివరికి ఆ స్టేట్‌కే కట్టాలి. మీకు అది జార్జియా. డెలావేర్‌లో చేయించినా, సౌత్ కరోలినాలో కొన్నా, లేనియర్‌లో ఉంచుతున్నంతకాలం జార్జియాకి కట్టాల్సింది కట్టాల్సిందే. సిటిజన్‌షిప్ గురించి అయితే టెన్షన్ పడకండి, స్టేట్ రిజిస్ట్రేషన్‌కి అది అడ్డు కాదు.

నేను ట్యాక్స్ పని చేస్తూ ఇరవై ఏళ్ళు దాటింది. మొదట వర్జీనియాలో, తర్వాత ఇక్కడ జార్జియాలో. లేనియర్‌లో నాకూ ఒక బోటు ఉంది కాబట్టి నా దగ్గరికి వచ్చే మనవాళ్ళు ఇన్‌కమ్ ట్యాక్స్‌తో పాటు బోటు కాగితాలు కూడా పట్టుకొస్తుంటారు. ఒక్కమాట, అందరూ మొదట అడిగేది రిజిస్ట్రేషన్ ఫీజు గురించే. నిజానికి అన్నిటికంటే చిన్న ఖర్చు అదే.

బోటు మీద మనం కట్టేవి మూడు రకాలు, ఇవి కలగాపులగం చేసుకోవడం వల్లే ఇంత గందరగోళం. కొన్నప్పుడు ఒక్కసారి కట్టే సేల్స్ ట్యాక్స్ ఒకటి, దాని తోబుట్టువు లాంటిది యూజ్ ట్యాక్స్, అంటే వేరే స్టేట్‌లో కొని తెచ్చి వాడితే పడేది. ఏడాదికో, రెండేళ్ళకో, మూడేళ్ళకో కట్టే రిజిస్ట్రేషన్ ఫీజు రెండోది. బోటు విలువ మీద ఏటా పడే ప్రాపర్టీ ట్యాక్స్ మూడోది, కొన్ని చోట్ల దీన్నే ఎక్సైజ్ అంటారు. ఈ మూడోది కొన్ని స్టేట్స్‌లో అసలు లేదు, కొన్నిచోట్ల మాత్రం పదేళ్ళు వదలకుండా వెంటపడుతుంది. స్టేట్ స్టేట్‌కీ అసలు తేడా తెచ్చేది ఇదే.

ముందు రిజిస్ట్రేషన్ సంగతి తేల్చేద్దాం. దాదాపు అన్ని చోట్లా పొడవుని బట్టి ఫీజు ఉంటుంది. మీ 24 అడుగుల బోటు ఫ్లోరిడాలో అయితే 16 నుంచి 26 అడుగుల తరగతిలోకి వస్తుంది, ఏడాదికి 28.75 డాలర్లు, దాని మీద కౌంటీ వాళ్ళ చిల్లర ఫీజులు. టెక్సాస్‌లో రెండేళ్ళకి 53 డాలర్లు. న్యూజెర్సీలో ఏడాదికి 28. న్యూయార్క్‌లో సర్‌చార్జీతో కలిపి మూడేళ్ళకి 57.50. నార్త్ కరోలినాలో ఏడాదికి 30, మూడేళ్ళకి ఒకేసారి కడితే 90. డెలావేర్‌లో 20. చూశారుగా, ఎక్కడ తిప్పినా పది ఇరవై డాలర్ల తేడా. దీనికోసం స్టేట్ మార్చడం అనవసరం. ఫీజులు అప్పుడప్పుడు పెంచుతుంటారు, కట్టే ముందు ఆ స్టేట్ సైట్‌లో ఒకసారి చూసుకోండి.

ఇక డెలావేర్ సలహా. అక్కడ సేల్స్ ట్యాక్స్ లేని మాట నిజమే, బోటు మీద ఏటా కట్టే ప్రాపర్టీ ట్యాక్స్ కూడా లేదు. కానీ మోటారు ఉన్న బోటుకి నంబరు ఇవ్వాల్సింది దాన్ని ప్రధానంగా నడిపే స్టేట్ అని ఫెడరల్ చట్టమే చెప్తోంది. 1958 చట్టంతో బోట్లకి నంబర్లిచ్చే పని స్టేట్స్ చేతికి వచ్చింది, 1971లో వచ్చిన బోటు సేఫ్టీ చట్టం కూడా ఆ పద్ధతినే కొనసాగించింది. మీరు ఎక్కడ ఉంటారు, డీలర్ ఎక్కడ ఉన్నాడు, ఏ ఎల్‌ఎల్‌సీ (చిన్న కంపెనీ) పేరు మీద కొన్నారు అనేవి ఈ లెక్కలోకి రావు. మన దగ్గర హైదరాబాద్‌లో తిప్పే కారుకి లైఫ్ ట్యాక్స్ తప్పించుకోవడానికి పాండిచ్చేరి నంబరు వేయించేవాళ్ళు ఉన్నారు కదా, ఇదీ అచ్చం అలాంటిదే. ఎలా దొరికిపోతారో కూడా అలాగే ఉంటుంది.

దొరకడం అంటే ఎలా? బోటు ముక్కుకి రెండు వైపులా మూడంగుళాల అక్షరాలతో నంబరు రాయాలి, దాని మొదటి రెండక్షరాలు స్టేట్‌వి. జార్జియాకి జీఏ, ఫ్లోరిడాకి ఎఫ్ఎల్, డెలావేర్‌కి డీఎల్. కాలిఫోర్నియాకి సీఎఫ్, వాషింగ్టన్‌కి డబ్ల్యూఎన్ అని కొన్ని కాస్త వింతగా ఉంటాయి. ఎంఎస్ అని కనిపిస్తే మిసిసిపీ అనుకుంటాం, అది మసాచుసెట్స్‌ది, మిసిసిపీది ఎంఐ. రోజూ అదే నీళ్ళలో తిరిగే అధికారికి ఇవి కంఠతా వచ్చు. ఒక సమ్మర్ అంతా లేనియర్‌లో డీఎల్ నంబరుతో కనిపించే బోటుని ఎవరూ అడగకుండా వదిలేస్తారు అనుకోకండి. అదొక్కటే కాదు, ట్యాక్స్ కోసం విలువ కట్టే కౌంటీ అసెసర్ ఆఫీసుల వాళ్ళు మెరీనాల (బోట్లు నిలిపే రేవుల) నుంచి స్లిప్పులు (బోటు కట్టేసుకునే చోట్లు) ఎవరెవరికి ఇచ్చారో జాబితా తెప్పించుకుని తమ లెక్కతో సరిపోల్చుకుంటారు. నా క్లయింట్ ఒకరు దొరికింది ఇలాగే. బోటు వేరే స్టేట్ ఎల్‌ఎల్‌సీ పేరు మీద ఉంది, మెరీనా అగ్రిమెంట్‌లో మాత్రం ఇంటి అడ్రసు, సొంత పేరు. మూడేళ్ళ తర్వాత ఉత్తరం వచ్చింది. వెనకటి ఏళ్ళ ప్రాపర్టీ ట్యాక్స్, రిటర్న్ వేయనందుకు 10 శాతం పెనాల్టీ, వడ్డీ, ఇవి కాక అన్నేళ్ళూ ఎల్‌ఎల్‌సీని నిలబెట్టడానికి కట్టిన ఫీజులు. అన్నీ కలిపి చూస్తే మొదట్లోనే సక్రమంగా కట్టి ఉంటే చాలా తక్కువలో పోయేది. ఆయన ఏమీ దొంగ మనిషి కాదు, ఎవరో చెప్పింది నమ్మారు, అంతే. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను. మోంటానా ఎల్‌ఎల్‌సీ పెట్టమని చెప్పేవాళ్ళకీ ఇదే జవాబు. అక్కడా సేల్స్ ట్యాక్స్ లేదు, రిజిస్ట్రేషన్ ఒకసారి చేస్తే శాశ్వతం, అది నిజంగా మోంటానా చెరువుల్లో తిరిగే బోటుకి మంచిదే.

సౌత్ కరోలినా 500 డాలర్ల మాట కూడా సగం నిజం. అక్కడ బోటు మీద సేల్స్ ట్యాక్స్‌కి గరిష్ఠం 500, అంతకు మించి తీసుకోరు. లేక్ హార్ట్‌వెల్ మన జార్జియాకీ వాళ్ళకీ మధ్యలోనే ఉంది కాబట్టి అవతలి ఒడ్డున డీలర్ దగ్గర కొనుక్కుని వచ్చేద్దాం అనిపిస్తుంది. కానీ దాన్ని ఇక్కడికి తెచ్చి వాడితే జార్జియా యూజ్ ట్యాక్స్ అడుగుతుంది, అక్కడ కట్టిన 500 తీసేసి మిగతాది ఇక్కడ కట్టాలి. ఇక్కడ స్టేట్‌ది 4 శాతం, లోకల్‌ది కలిపితే కౌంటీని బట్టి 7, 8 శాతం దాకా పోతుంది. 7 శాతం అనుకుంటే 60 వేలకి 4,200. అంటే 500 అక్కడ, 3,700 ఇక్కడ. మొత్తం మారలేదు, తిరుగుడు పెరిగింది.

పోనీ బోటుని నిజంగానే సౌత్ కరోలినా ఒడ్డున ఉంచేస్తే? అలా చేసిన మిత్రుడు ఒకరు ఉన్నారు నాకు. మొదటి ఏడాది సంతోషంగానే ఉన్నారు, తర్వాత అక్కడి కౌంటీ బిల్లు వచ్చింది. వాళ్ళు బోటు విలువలో 10.5 శాతాన్ని లెక్కలోకి తీసుకుని దాని మీద మిల్ రేటు వేస్తారు (ఒక మిల్లు అంటే వెయ్యి డాలర్లకి ఒక డాలర్), ఆ రేట్లు మనకంటే చాలా ఎక్కువ. 60 వేల బోటుకి 10.5 శాతం అంటే 6,300, దాని మీద ఉదాహరణకి 300 మిల్లులు వేస్తే ఏడాదికి 1,890 డాలర్లు. కొన్ని కౌంటీలు విలువలో 42.75 శాతం మినహాయింపు ఇచ్చాయి, అక్కడ ఆ 10.5 కాస్తా దాదాపు 6 శాతంలా పనిచేస్తుంది, బిల్లు 1,080 చిల్లరకి దిగుతుంది. అందుకే అక్కడ కౌంటీ పేరు తెలియకుండా ఎవరూ లెక్క చెప్పలేరు. 2020 నుంచి రిజిస్ట్రేషన్ ఫీజు కూడా ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లుతో కలిపే వసూలు చేస్తున్నారు, ఒకటి కట్టి రెండోది వదిలేయడం కుదరదు.

జార్జియాలో ఏటా కట్టేది ఎంతో చూద్దాం. ఇక్కడ మార్కెట్ విలువలో 40 శాతం లెక్కలోకి తీసుకుంటారు. 60 వేలకి 24 వేలు. మీ కౌంటీ, స్కూళ్ళు అన్నీ కలిపి 30 మిల్లులు అనుకుంటే 720 డాలర్లు. బోటు విలువ ఏటా తగ్గుతుంది కాబట్టి బిల్లూ తగ్గుతూ పోతుంది. ఇందులో చాలామందికి తెలియని విషయం ఒకటి ఉంది. మీ ఇల్లు ఏ కౌంటీలో ఉందో కాదు, బోటు ఏడాదిలో 184 రోజులు ఏ కౌంటీలో ఉంటుందో ఆ కౌంటీకి కట్టాలి. లేనియర్ ఒక్క కౌంటీలో లేదు, ఫోర్సైత్, హాల్, గ్విన్నెట్, డాసన్ ఇలా చాలావాటి మీద పరుచుకుని ఉంది. మీరు కమ్మింగ్‌లో ఉండి హాల్ కౌంటీ వైపు మెరీనాలో స్లిప్ తీసుకుంటే బిల్లు హాల్ కౌంటీది. స్లిప్ తీసుకునే ముందు రెండు కౌంటీల మిల్ రేటు ఫోన్ చేసి కనుక్కోండి, ఐదు నిమిషాల పని. ఇంటి దగ్గర ట్రెయిలర్ మీద ఉంచుకుంటే సొంత కౌంటీకే.

ఇంకొకటి, జనవరి 1. ఆ రోజు బోటు ఎవరి పేరు మీద ఉంటే ఆ ఏడాది బిల్లు మొత్తం వాళ్ళది. ఫిబ్రవరిలో అమ్మేసినా సరే, నెలల లెక్కన తగ్గించరు. ఈ సంగతి తెలియక నేనే ఒకసారి నష్టపోయాను. పాత బోటు డిసెంబర్‌లో బేరం కుదిరింది, కొనేవాళ్ళు పండగ సెలవులు అయ్యాక వస్తామంటే సరే అన్నాను, జనవరి రెండో వారంలో అమ్మాను. శరదృతువులో బిల్లు నా పేరు మీదే వచ్చింది, కట్టక తప్పలేదు. కొనేటప్పుడు దీన్నే మనకి అనుకూలంగా వాడుకోవచ్చు. నవంబర్, డిసెంబర్‌లో డీలర్లు మంచి రేటు ఇస్తారు కానీ, డెలివరీ జనవరి మొదటి వారానికి పెట్టుకుంటే ఒక ఏడాది బిల్లు మిగులుతుంది. కొన్న తర్వాతి జనవరి 1 నుంచి ఏప్రిల్ 1 లోపు కౌంటీలో రిటర్న్ వేయాలి. అమ్మినప్పుడు కూడా వాళ్ళకి చెప్పాలి, లేకపోతే బిల్లులు మీకే వస్తుంటాయి.

మిగతా స్టేట్స్ గురించి కూడా చాలామంది అడుగుతుంటారు కాబట్టి నాకు తెలిసినవి చెప్తాను, అదే 60 వేల బోటుకి.

ఫ్లోరిడాలో 6 శాతం, అంటే 3,600, దాంతోపాటు కౌంటీ సర్‌టాక్స్ మొదటి 5,000 డాలర్ల మీద మాత్రమే. ఏటా ప్రాపర్టీ ట్యాక్స్ లేదు. పదేళ్ళు ఉంచుకునేవాళ్ళకి ఇది మంచి స్టేట్. టెక్సాస్‌లో 6.25 శాతం, 3,750. అక్కడ ఔట్‌బోర్డ్ మోటారుకి (బోటు వెనక బయట బిగించేది) విడిగా టైటిల్, అంటే యాజమాన్య పత్రం ఉంటుంది, ఇది మర్చిపోకండి. ఫ్రిస్కోలో ఉండే మా క్లయింట్ ఒకరు సెకండ్ హ్యాండ్ బోటు కొని బోటు టైటిల్ మాత్రమే తెచ్చుకున్నారు, మోటారు టైటిల్ అమ్మినాయన దగ్గర లేదు, అంతకుముందు అమ్మినాయన వేరే ఊరు వెళ్ళిపోయారు. సమ్మర్ మొత్తం బోటు గరాజ్‌లోనే ఉండిపోయింది. జార్జియాలో దీనికి తిరకాసు ఇంకోలా ఉంటుంది, ఇక్కడ బోట్లకి అసలు టైటిలే ఇవ్వరు. అందుకే ఇక్కడ బిల్ ఆఫ్ సేల్, పాత రిజిస్ట్రేషన్ కాగితం ప్రాణంతో సమానంగా దాచుకోండి, హల్ (బోటు బాడీ) మీద చెక్కి ఉండే 12 అక్షరాల నంబరు కాగితంలో ఉన్నదానితో అక్షరం అక్షరం సరిచూసుకోండి.

వర్జీనియాలో కొన్నప్పుడు 2 శాతమే, గరిష్ఠం 2,000. మీకు 1,200. ఏటా కట్టేది పూర్తిగా కౌంటీ, సిటీ చేతిలో ఉంది, అక్కడున్న తేడాలు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో బోటు విలువలో ప్రతి 100 డాలర్లకి ఒక సెంటు. వర్జీనియా బీచ్‌లో సొంత సరదాకి వాడే బోటుకి రేటు 100 డాలర్లకి 0.000001 డాలర్, అంటే సున్నా కిందే లెక్క. బోట్లు తమ దగ్గరే ఉంటే మెకానిక్కులకీ మెరీనాలకీ పని ఉంటుందని వాళ్ళు ఆలోచించారు. పక్కనే ఇంకో కౌంటీలో డాలర్లలో రేటు ఉండొచ్చు. నేను అక్కడ ఉన్నప్పుడు బోటు ఎక్కడ ఉంచాలో ముందు రేట్లు చూసే నిర్ణయించుకున్నాను.

మేరీలాండ్ 5 శాతం, మీకు 3,000, ఏటా ఏమీ లేదు. న్యూజెర్సీలో మామూలు 6.625 శాతంలో సగమే, 3.3125. అంటే 1,987.50, ఏటా ఏమీ లేదు. ఎడిసన్ వైపు ఉండే మనవాళ్ళు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. కనెక్టికట్ 2018లో 6.35 నుంచి 2.99 శాతానికి దించింది. రోడ్ ఐలాండ్ అయితే 1993లో బోట్ల మీద సేల్స్ ట్యాక్స్, ప్రాపర్టీ ట్యాక్స్ రెండూ తీసేసింది. దాని వెనక ఒక కథ ఉంది. 1991 నుంచి ఫెడరల్ ప్రభుత్వం లక్ష డాలర్లు దాటిన బోట్ల మీద, ఆ దాటిన మొత్తానికి 10 శాతం లగ్జరీ ట్యాక్స్ వేసింది. డబ్బున్నవాళ్ళు కొనడం మానేశారు, బోట్లు తయారుచేసే చోట పనివాళ్ళ ఉద్యోగాలు పోయాయి, 1993లో దాన్ని ఎత్తేశారు. ఫ్లోరిడా 18,000, టెక్సాస్ 18,750, న్యూజెర్సీ 20,000 అని గరిష్ఠాలు పెట్టడం, న్యూయార్క్ మొదటి 2,30,000 డాలర్ల మీదే ట్యాక్స్ తీసుకోవడం వెనకా ఆ భయమే ఉంది, పెద్ద బోటు పక్క స్టేట్‌కి తేలిగ్గా వెళ్ళిపోతుంది. ఈ గరిష్ఠాలు మనలాంటి వాళ్ళకి తగలవు. ఫ్లోరిడాది, టెక్సాస్‌ది 3 లక్షల డాలర్లు దాటిన బోటుకే, న్యూజెర్సీది 6 లక్షలు దాటితేనే.

మసాచుసెట్స్‌లో 6.25 శాతం, ఆపైన ఏటా వెయ్యికి 10 డాలర్ల ఎక్సైజ్, కానీ 50 వేలకి మించిన విలువ లెక్కపెట్టరు కాబట్టి ఎంత పెద్ద బోటైనా ఏడాదికి 500 దాటదు. వాషింగ్టన్ స్టేట్‌లో రెడ్మండ్, సమామిష్ వైపు ఉండేవాళ్ళకి కొన్నప్పుడు దాదాపు 10 శాతం, తర్వాత 16 అడుగులు, అంతకు మించిన బోటుకి ఏటా విలువలో అర శాతం. ఆరెగాన్‌లో సేల్స్ ట్యాక్స్ లేదని అక్కడ కొని తెచ్చినా వాషింగ్టన్‌లో యూజ్ ట్యాక్స్ ఉంది. కాలిఫోర్నియాలో రెండు వైపులా బరువే, కొన్నప్పుడు ఊరిని బట్టి 7.25 నుంచి 10 శాతం పైదాకా, ఆపైన ఏటా కౌంటీకి 1 శాతం చిల్లర. అదీ జనవరి 1 లెక్కనే.

హెచ్1బీ విషయం. కోస్ట్ గార్డ్ దగ్గర చేయించే ఫెడరల్ డాక్యుమెంటేషన్‌కి మాత్రం అమెరికా సిటిజన్ అయి ఉండాలి, గ్రీన్ కార్డ్ కూడా సరిపోదు. అది 5 నెట్ టన్నులు, అంతకు మించిన పెద్ద బోట్లకి, మీ పాంటూన్‌కి దాని అవసరమే లేదు. డాక్యుమెంటేషన్ ఉంటే స్టేట్ ట్యాక్స్ ఉండదని ఎవరైనా చెప్తే అదీ తప్పే. ఫ్లోరిడాలో డాక్యుమెంటేషన్ ఉన్న బోటు కూడా రిజిస్టర్ చేసి స్టిక్కర్ అంటించాలి, నంబరు రాయనక్కర్లేదు, అంతే తేడా.

ఇన్‌కమ్ ట్యాక్స్‌లో వెనక్కి వస్తుందా అని కూడా అడుగుతారు. ఐటమైజ్ చేసేవాళ్ళకి (తగ్గింపులు విడివిడిగా చూపించేవాళ్ళకి), విలువ మీద పడే ప్రాపర్టీ ట్యాక్స్ స్టేట్ ట్యాక్సుల పరిమితికి లోబడి తగ్గించుకోవచ్చు. ఆ పరిమితి 10 వేలు ఉండేది, 2025కి 40 వేలు చేశారు. పొడవుని బట్టి కట్టే రిజిస్ట్రేషన్ ఫీజుకి రాదు. లోన్ వడ్డీ రెండో ఇల్లు కింద చూపించాలంటే బోటులో పడుకోవడానికి చోటు, వంట, టాయిలెట్ మూడూ ఉండాలి, మామూలు పాంటూన్‌లో అవి ఉండవు.

చివరగా మీ షార్లెట్ సంగతి. నార్త్ కరోలినాలో కొన్నప్పుడు 3 శాతం, గరిష్ఠం 1,500. ఏటా కౌంటీ ప్రాపర్టీ ట్యాక్స్ ఉంది, జనవరిలో లిస్టింగ్ ఇవ్వాలి. మీ 60 వేల బోటుకి అక్కడ 1,500, ఇక్కడ సుమారు 4,200. మారడం ఖాయమైతే, మారేదాకా ఆగి అక్కడే కొనండి, 2,700 డాలర్లు న్యాయంగానే మిగులుతాయి. ఖాయం కాకపోతే, ఈ సమ్మర్ పిల్లలతో లేనియర్‌లో గడపాలని ఉంటే, ఇక్కడ కొనేయండి, అందులో తప్పేమీ లేదు. తర్వాత మారినప్పుడు ఇక్కడ కట్టిన ట్యాక్స్ రసీదు చేతిలో ఉంచుకోండి, అక్కడ యూజ్ ట్యాక్స్ అడిగితే అదే చూపించాలి. ఫెడరల్ రూల్ ప్రకారం స్టేట్ మారాక పాత నంబరు 60 రోజులు చెల్లుతుంది, ఆలోపు కొత్త నంబరుకి అప్లై చేయండి. ట్రెయిలర్ రిజిస్ట్రేషన్ బోటుతో కలిసి రాదు, అది కార్ల ఆఫీసులో విడిగా చేయించాలి. డీలర్ ఇచ్చిన కోట్‌లో ట్యాక్స్ లైను ఏ కౌంటీ రేటుతో వేశారో ఇక్కడే కింద రాస్తే ఈ వీకెండ్ చూసి చెప్తాను.